సరిత అడిగిన సినిమా

ఇస్రాయేలుకు సినిమాలంటే ప్రాణం. అట్లని ఒక్కడే పోయి చూసే మనిషి కాదు. ఇంటిల్లిపాదీ ఒకరినొకరు ఒరుసుకొని కూచోవాలి, నవ్వే చోట అందరూ నవ్వాలి, అప్పుడే ఆయనకు చూసినట్టు. పూణెలో మట్టిపని చేసే రోజుల్లో తోటి కూలీలు ఆదివారం పూట సినిమాకు పిలిస్తే, "నాకొద్దు, పండుగకు ఇంటికి పోయినంక చూస్త" అని గుడిసెలోనే పండుకునేవాడు.

ఆయన ఊరు ఆత్మకూరుకు దగ్గర. భార్య మణెమ్మ కూడా ఆయనతోపాటు పూణె పోయేది. పిల్లలు సరిత, ఉదయ్ నాయనమ్మ దగ్గర ఊర్లో ఉండేవాళ్ళు. ముసలామెకు చూపు ఆనదు. అందుకని పేరుకు ఆమె ఇంటి పెద్ద గాని, పొయ్యి ముట్టించేది, బోరింగు కాడినుంచి నీళ్ళు మోసేది, తమ్మునికి తల దువ్వి బడికి పంపేది సరితే. వానికంటే నాలుగేండ్లు పెద్ద, అంతే. పదో తరగతి కాంగనే చదువు చాలించింది. ఉదయ్‌ని మాత్రం వనపర్తిలో హాస్టల్లో వేశారు.

నలుగురూ ఒక్క కప్పు కింద ఉండేది పండుగలకే. అందుకే ఇస్రాయేలు పండుగ వస్తే చాలు ఆత్మకూరు పోయి, బుచ్చన్న దుకాణంలో కలర్ టీవీ, సీడీ ప్లేయరు కిరాయికి తీసుకునేవాడు. ఆటోలో టీవీని చంటిపిల్లను పట్టుకున్నట్టు ఒడిలో పట్టుకొని వచ్చేవాడు. ఏ కాలానికి ఏ సినిమా అన్నదానికి ఆయనకో లెక్క ఉండేది. ఎండకాలం నవ్వించే సినిమానే చూడాలి, ఉక్కపోత తెలియకుండా. దసరాకు ఊరంతా జమ్మికి పోయొచ్చాక కొట్లాటల సినిమా. క్రిస్మస్ నాడు పొద్దున చర్చికి పోయి, మధ్యాహ్నం కోడికూర తిన్నాక, మొదట ఏడిపించి చివరికి అందరినీ కలిపే సినిమా. వానకాలంలో ఆయన ఊర్లో ఉండడమే తక్కువ. ఒక్క ఏడు తల్లికి జ్వరమని వచ్చినప్పుడు ముసురు పట్టింది. చేన్లల్లో పనుల్లేవు. నలుగురూ తడుచుకుంటా ఆత్మకూరు టాకీసులో మ్యాట్నీకి పోయారు. ఆ సినిమా ఏందో ఆయన మరిచిపోయాడు గాని, తడిబట్టలతో ఒక్క పొట్లంలోని మిరపకాయ బజ్జీలు నలుగురూ తిన్నది మాత్రం పూణెలో ఎన్నోసార్లు చెప్పుకున్నాడు.

ఏ పండుగకు ఎవరి ఇష్టం అన్న పంచాయితీ రాకుండా వంతులు పెట్టింది కూడా ఆయనే. ఒకసారి మణెమ్మ చెప్పిన సినిమా, ఒకసారి సరితది, ఒకసారి ఉదయ్‌ది. పద్ధతి మంచిదే. కానీ సరిత వంతు వచ్చేసరికి ఏదో ఒకటి అడ్డం పడేది. ఒక ఎండకాలం ఉదయ్ పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకున్నాడని వాడు అడిగింది తెచ్చారు. ఒక దసరాకు చుట్టాలొచ్చారు, వాళ్ళకు నచ్చింది పెట్టారు. "మళ్ళ పండుగకు నీదే బిడ్డా" అనేవాడు ఇస్రాయేలు. "సరే నాయినా" అనేది సరిత. ముఖం చిన్నబుచ్చుకోవడం ఆయన ఎన్నడూ చూడలేదు. నా బిడ్డ బంగారం, దేనికీ అలగదు అని మేస్త్రీతో గొప్పగా చెప్పుకునేవాడు.

రెండువేల నాలుగు క్రిస్మస్‌కు మాత్రం సరిత నోరు తెరిచి అడిగింది. ఇస్రాయేలు పూణె నుంచి దిగి కాళ్ళు కడుక్కుంటుంటే చెంబు అందిస్తూ అంది:

"నాయినా, ఈ పండుగకు నాదే వంతు."

"చెప్పు బిడ్డా, ఏం తేవాలె?"

సరిత ఒక సినిమా పేరు చెప్పింది. "పాతది నాయినా. రంగులది కాదు. ఉగాది దినం వెంకటమ్మోళ్ళ ఇంట్ల టీవీల వచ్చింది. ఇద్దరు అక్కచెల్లెండ్లు ఉంటరు. తల్లి ఉండదు. చెల్లెను అక్కనే సాకుతది. ఒకనాడు చెల్లె పడవెక్కి పోతుంటది, అక్క ఒడ్డు మీద నిలబడి చూస్తుంటది. గప్పుడే కరెంటు పాయె. మళ్ళ వాళ్ళు కలిసిరో లేదో తెల్వదు."

"వెంకటమ్మను అడగకపోయినవా?"

"అడిగిన. ఆమెకూ తెల్వదంట. నాయనమ్మకేమో యాదికి లేదంట."

"గదెంత పని. తెస్త తీ" అన్నాడు ఇస్రాయేలు.

తెచ్చాడు కూడా. ఆయనకు చదువు రాదు. ఆటోలో పొడుగునా ఆ పేరు గొణుక్కుంటూ పోయి బుచ్చన్నకు చెప్పాడు. బుచ్చన్న వెతికి ఇచ్చాడు. ఆ పక్కనే కొత్త సినిమా ఒకటి కనిపిస్తే, ఉదయ్ సంబరపడతాడని అదీ తీసుకున్నాడు. టీవీ ఇస్తూ బుచ్చన్న, "పొద్దు గూకకముందే తెచ్చియ్యాలె అన్నా, సాయంత్రానికి వీపనగండ్ల వాళ్ళు తీసుకపోతరు" అన్నాడు.

పండుగ నాడు అన్నాలు తిని కూచున్నారు. ఉదయ్ హాస్టల్ నుంచి ఇద్దరు దోస్తులను వెంటబెట్టుకొని వచ్చాడు. కొత్త సినిమా సీడీ చూసి ఎగిరి గంతేశాడు.

"నాయినా, మొదలు గిది పెట్టు. వీళ్ళు మళ్ళ ఊరికి పోవాలె."

ఇస్రాయేలు సరిత దిక్కు చూశాడు. ఆమె గిన్నెలు సర్దుతూ ఉంది. "పెట్టు నాయినా. పిలగాండ్లు ఆశపడుతున్నరు. నాది తర్వాత చూద్దాం" అంది.

ఆ సినిమా సగం దాకా వచ్చేసరికి కరెంటు పోయింది. వచ్చేదాకా అందరూ కూచొని పల్లీలు ఒలుచుకు తిన్నారు. కరెంటు వచ్చాక మిగిలింది చూశారు. అది అయ్యేసరికి వాకిట్లో ఎండ గోడ మీదికి ఎక్కింది. సరిత చేతులు తుడుచుకొని వచ్చి టీవీ ముందర కూచుంది. ఇస్రాయేలు పాత సినిమా పెట్టాడు. పేర్లు పడుతుండగానే, టీవీ తీసుకపోవడానికి ఆటోవాడు వచ్చి హారన్ కొట్టాడు.

"జర ఆగుతడేమో అడుగు" అంది మణెమ్మ.

ఇస్రాయేలు బయటికి పోయి అడిగాడు. ఆటోవాడు కుదరదన్నాడు. లోపలికొచ్చి వైర్లు పీకుతూ, "ఎండకాలంల వచ్చినప్పుడు మొట్టమొదలు నీదే పెడ్త బిడ్డా. ఒట్టు" అన్నాడు.

"సరే నాయినా" అంది సరిత. టీవీ మీద కప్పడానికి దుప్పటి తెచ్చి ఇచ్చింది కూడా.

ఎండకాలం వచ్చేసరికి సరిత పెండ్లి కుదిరింది. నాయనమ్మ ఆ చలికాలంలోనే కాలం చేసింది. వయసొచ్చిన పిల్లను ఒక్కదాన్ని ఇంట్లో ఉంచి పూణె ఎట్ల పోవాలని మణెమ్మ పోరు. గద్వాల దగ్గర సంబంధం, పిల్లగాడు దానియేలు తాపీ పని చేస్తాడు, తాగుడు లేదు. పెండ్లి వాకిట్లో పందిరి కింద జరిగింది. ఆ హడావుడిలో టీవీ ఎవరికీ గుర్తు రాలేదు.

పెండ్లయిన ఏడు క్రిస్మస్‌కు సరిత అత్తగారింట్లోనే ఉంది. తర్వాతి ఏడు కడుపుతో ఉంది. ఆ తర్వాత చంటిపిల్లతో వచ్చింది గాని, పాప రాత్రంతా ఏడ్చేది, పగలు తల్లీబిడ్డలు నిద్రపోయేవాళ్ళు. ఆ పండుగ నాడు మణెమ్మ, ఇస్రాయేలు, ఉదయ్ ముగ్గురే టీవీ ముందర కూచున్నారు. ఎవరో నవ్వించేవాడు కిందపడ్డాడు. ఇస్రాయేలు అలవాటుగా పక్కకు తిరిగి, "చూసినవా బిడ్డా" అన్నాడు. అక్కడ ఎవరూ లేరు. ఆ పూట ఆయనకు ఆ సినిమా రుచించలేదు.

రెండువేల తొమ్మిది నాటికి ఆయన పూణె పోవడం మానేశాడు. నడుము నొప్పి. ఊర్లోనే ఉపాధి పని దొరుకుతోంది. సొంతంగా ఒక టీవీ, డిస్కుల పెట్టె కొనుక్కున్నాడు. ఇంట్లో టీవీ వచ్చాక, ఖాళీగా కూచున్నప్పుడల్లా సరిత అడిగిన సినిమా మనసులో మెదిలేది. పేరు ఎంత గుంజినా గుర్తు రాలేదు. పడవ ఒక్కటే గుర్తుంది. బుచ్చన్న అప్పటికే సీడీలు తీసేసి సెల్‌ఫోన్ల దుకాణం పెట్టాడు.

"పడవ ఉంటది బుచ్చన్నా, పాత సినిమా" అంటే ఆయన నవ్వాడు.

"పాత సినిమాల పడవ లేనిదేది అన్నా?"

ఇస్రాయేలు వనపర్తి పోయాడు. నాగర్‌కర్నూల్లో చుట్టాల పెండ్లికి పోయి అక్కడి దుకాణాలూ తిరిగాడు. చివరికి గద్వాల బస్టాండు ముందర, గోనెపట్టా మీద డిస్కులు పరిచి అమ్మే మనిషి దగ్గర, అట్ట మీద పడవ బొమ్మ ఉన్న పాత సినిమా దొరికింది. అమ్మేవాడిని అడిగాడు, "గిది ఏడిపిచ్చే సినిమానేనా?" "మస్తు ఏడిపిస్తది" అన్నాడు వాడు. ఇదే అనుకున్నాడు ఇస్రాయేలు. అటునుంచి అటే సరిత అత్తగారింటికి పోయి, వియ్యపురాలిని బతిమాలి, పండుగకు బిడ్డను, మనుమరాలిని వెంటబెట్టుకొని వచ్చాడు. తొవ్వ పొడుగునా డిస్కు సంగతి చెప్పలేదు.

క్రిస్మస్ మధ్యాహ్నం అన్నాలయ్యాయి. సరిత గిన్నెల దగ్గరికి పోబోతుంటే చేయి పట్టుకొని కూచోబెట్టాడు.

"ఇయ్యాల ఎవ్వలు అడ్డం వచ్చినా నీ సినిమానే. గా పడవ సినిమా తెచ్చిన."

సరిత ఆయన ముఖం చూసింది. కండ్లు మెరిశాయి. "గంత యాది పెట్టుకున్నవా నాయినా?" అంది.

సినిమా మొదలైంది. పేదింటి పిల్లగాడు, జమీందారు కూతురు, వాళ్ళ ప్రేమ. నడుమ పడవ మీద ఒక పాట. సరిత పాపను ఒడిలో పండబెట్టుకొని చివరిదాకా కదలకుండా చూసింది. మణెమ్మ కొంగుతో కండ్లు తుడుచుకుంది. ఇస్రాయేలు తెర కంటే బిడ్డ ముఖమే ఎక్కువ చూశాడు.

"ఎట్లుంది బిడ్డా?"

"బాగుంది నాయినా. మస్తుంది."

ఇస్రాయేలుకు గుండె మీది బరువు దిగినట్టయింది. బయట నీళ్ళ తొట్టి దగ్గర ఉదయ్ ముఖం కడుక్కుంటుంటే దగ్గరికి పోయాడు. "చూసినవారా, ఎన్ని ఏండ్ల సంది అడిగిన సినిమా. ఎంత ఖుషీ అయింది మీ అక్క!"

ఉదయ్ తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ ఆగిపోయాడు. అప్పటికి వాడు డిగ్రీ చదువుతున్నాడు.

"గిది కాదు నాయినా."

"ఏంది?"

"అక్క అడిగింది గిది కాదు. అండ్ల ఇద్దరు అక్కచెల్లెండ్లు ఉంటరు. నాకు ఎన్నిసార్లు చెప్పిందో. దీంట్ల అక్కచెల్లెండ్లే లేరు గద."

ఇస్రాయేలు తొట్టి గట్టు మీద కూచున్నాడు. చెంబు అందిస్తూ ఆమె చెప్పిన మాటలు ఒక్కొక్కటే వెనక్కి వచ్చాయి. అక్క చెల్లెను సాకుతది, తల్లి ఉండదు. ఇంత చెప్పిన బిడ్డ మాటల్లో తన చెవిన పడింది పడవ ఒక్కటే.

లోపలికి పోయి అడిగాడు. "గిది కాదంట గద బిడ్డా. నాకు చెప్పలేదేంది?"

సరిత తమ్ముని దిక్కు కోపంగా చూసింది. "గంత దూరం తిరిగి తెచ్చినవ్. మంచిగనే ఉంది గద నాయినా, చూసినం."

"పేరేంది? ఇప్పుడు చెప్పు. రేపే పోయి వెతుకుత."

"యాదికి లేదు నాయినా."

"నిజంగ యాదికి లేదా?"

"లేదు. ఎన్నేండ్లాయె. ఇప్పుడు గదంత ఎందుకు?"

నిజంగా మరిచిపోయిందో, తన నడుము నొప్పి చూసి మరిచిపోయానన్నదో ఆయనకు అంతుపట్టలేదు. బిడ్డ ముఖంలో ఏది నిజమో చదవడం ఆయన ఎన్నడూ నేర్చుకోలేదు. ఉదయ్‌ని అడిగితే వాడికీ పేరు గుర్తు లేదన్నాడు.

మర్నాడు సరిత గద్వాల పోవాలి. పొద్దున సంచి సర్దుకుంటూ ఉంది. ఉదయ్ టీవీలో క్రికెట్ చూస్తున్నాడు. మూడో ఏడు నడుస్తున్న మెర్సీ, సరిత కూతురు, వచ్చి టీవీ ముందర నిలబడింది.

"మామా, బొమ్మలు."

"ఉండు, జరసేపు" అన్నాడు ఉదయ్.

మెర్సీ తల్లి దగ్గరికి వచ్చింది. "అమ్మా, బొమ్మలు పెట్టుమను."

"మామ చూస్తుండు గదమ్మా. మనం మన ఇంటికి పోయినంక చూద్దాం, సరేనా?"

మెర్సీ ఏడవలేదు. మంకుపట్టు పట్టలేదు. తలాడించి, పోయి గోడకు ఆనుకొని కూచొని, గౌను అంచు వేలికి చుట్టుకోసాగింది.

మంచం మీద కూచున్న ఇస్రాయేలు ఆ పిల్లనే చూశాడు. ఆ పిల్ల ఏడ్చి ఉంటే ఆయనకు ఇంత కష్టం అనిపించేది కాదు.

"ఉదయ్, పిల్లకు బొమ్మలు పెట్టు."

"ఇంక కొంచెమే ఉంది నాయినా, అయిపోతది."

"ఇప్పుడే పెట్టు."

ఆ గొంతుకు ఉదయ్ ఉలిక్కిపడి చానెల్ మార్చాడు.

"ఎందుకు నాయినా, వాన్ని చూడనియ్యి. పిల్లకేం తెలుస్తది" అంది సరిత.

"దానికి తెలుస్తది బిడ్డా."

చీర మడత పెడుతున్న సరిత చేతులు ఆగాయి. తల ఎత్తకుండానే, మెల్లగా అంది:

"నాకు గూడ తెలుస్తుండె నాయినా."

కోపం లేదు ఆ మాటలో. ఎవరి సంగతో చెప్పినట్టు అంది. మళ్ళీ చీర మడత పెట్టి సంచిలో పెట్టుకుంది.

బస్సు దాకా సంచి ఆయనే మోశాడు. కిటికీ పక్క సీటు చూసి కూచోబెట్టాడు. "ఎండకాలం రా బిడ్డా" అన్నాడు. "వాళ్ళు పంపిస్తే వస్త" అంది సరిత. మెర్సీ చేయి ఊపింది. బస్సు పోయింది.

ఇంటికొచ్చేసరికి మణెమ్మ గడపలో కూచొని బియ్యం ఏరుతోంది. ఆయన పక్కన కూలబడ్డాడు.

"మణెమ్మా, సరితకు ఏం ఇష్టమో నీకైన తెల్సా?"

మణెమ్మ చేట ఆపి చాలాసేపు ఆలోచించింది. తర్వాత మళ్ళీ బియ్యం ఏరడం మొదలుపెట్టింది.