నడక తోడు

మూడో చుట్టుకి వసంతమ్మ మోకాళ్ళు సణగడం మానేశాయి. కుచ్చిళ్ళు పైకి దోపి, కొడుకు వదిలేసిన బూట్లు వేసుకుని మైదానం చుట్టూ తిరిగే ఆమెను చూసి మొదట్లో క్రికెట్ కుర్రాళ్ళు నవ్వేవారు. ఇప్పుడు బంతి ఇటు దొర్లితే ఆమే కాలితో ఆపి వాళ్ళకు తన్నుతోంది.

పక్కన రామలక్ష్మమ్మ. ఈ పుంగనూరులో వసంతమ్మకు ఎదురిల్లే, ఎనిమిదేళ్ళు పెద్దది, షుగరుంది. వసంతమ్మకు ఈ నడక మదనపల్లె డాక్టరమ్మ చెప్పింది. మాత్రలతోపాటు రోజూ ముప్పావుగంట నడవాలని, మాట్లాడే తోడుంటే మరీ మంచిదని. అంతకుముందు ఏడాదిన్నరగా వసంతమ్మకు తెల్లవారుతోందంటేనే భయం. చాప మీంచి లేవడానికి గోడ పట్టుకునేది. తల దువ్వుకోవడమే పెద్ద పని. ఎందుకేడుస్తున్నావంటే చెప్పడానికి కారణం ఉండేది కాదు, కారణం లేని ఏడుపుకి మన ఇళ్ళల్లో మర్యాదా ఉండదు. భర్త కొన్నాళ్ళు ఓర్చుకుని, తర్వాత టీవీ శబ్దం పెంచాడు.

నాలుగు నెలలుగా రామలక్ష్మమ్మ ఐదింటికి వచ్చి పిలుస్తోంది. ఆ పిలుపుకే వసంతమ్మ లేస్తోంది. కూరలో ఉప్పు తక్కువైతే మళ్ళీ తెలుస్తోంది. మాత్రల సంగతి ఈ ఒక్క మనిషికే చెప్పుకుంది.

ఇంటికొచ్చి స్నానం చేసి, వీధి చివరి బడికి వెళ్ళింది. పదకొండేళ్ళుగా అక్కడ పిల్లలకు వంట ఆమెదే. ఎనభై గుడ్లు ఉడికించి ఒలిచింది, ఒక్కటీ చిట్లలేదు. అన్నం, సాంబారు వడ్డించి గిన్నెలు కడుగుతుంటే హెడ్మాస్టరు మునిచంద్ర పిలిపించాడు.

ఆయన హాజరుపట్టీలోంచి తల ఎత్తలేదు. పిచ్చి మాత్రలు మింగే మనిషి పొయ్యి దగ్గరుంటే భయంగా ఉందని తల్లిదండ్రుల కమిటీ అంటోందట. రేపట్నుంచి రావద్దన్నాడు.

"ఎవురు చెప్పినారు సార్?"

మెతక మనిషి, అబద్ధం ఆడలేకపోయాడు. రామలక్ష్మమ్మగారు పిల్లల మేలు కోరే చెప్పారన్నాడు. ఆమె కోడలు పావని వంటకు వస్తుందన్నాడు.

పోయిన వారమంతా నడుస్తూ రామలక్ష్మమ్మ ఎన్ని మాత్రలు, మత్తుగా ఉంటుందా, చేతులు వణుకుతాయా అని ఒక్కొక్కటే అడిగింది. అడిగే దిక్కు దొరికిందన్న సంబరంలో వసంతమ్మ అన్నీ చెప్పేసింది. అప్పుడప్పుడూ కొంచెం వణుకుతాయని కూడా. అన్నీ తెలిసే రామలక్ష్మమ్మ ఈ పొద్దున పక్కన నడిచింది, రాయి ఉంది చూసుకోమని మోచెయ్యి కూడా పట్టుకుంది. పని పోయినందుకు కాదు, ఆ పట్టు తలుచుకుని వసంతమ్మ మోచేతిని కొంగుతో గట్టిగా తుడుచుకుంది.

సాయంత్రం రామలక్ష్మమ్మ వచ్చి అరుగు కిందే నిలబడింది.

"వంటరూము బీగంచెవి నీకాడ ఉండాదంట. పావని తెల్లారే పోవాల."

"నువ్వు అడిగింటే పని నేనే ఇడిసిపెట్టి ఉందును కదక్కా. నాతో నడస్తా నడస్తా యాల ఇట్ల చేసినావు?"

రామలక్ష్మమ్మ వీధికేసి చూసింది. "మా పావనికీ నీ మాదిరే ఉండాది. రెండో కాన్పు పోయినప్పట్నుంచి గోడకు తిరిగి పడుకోనుండాది. పనీ పాటా ఉంటే తేరుకుంటాదని... నిన్ను సూసే నేర్సుకున్నానమ్మా."

వసంతమ్మకు కోపం పొంగుకొచ్చింది. గోడకు తిరిగి పడుకున్న పిల్ల కళ్ళకు కట్టి, ఆ కోపాన్ని సగంలోనే ఆపేసింది. అలా ఆగిపోవడం ఇంకా కష్టంగా ఉంది. తాళిబొట్టు గొలుసుకున్న పిన్నీసు తీసి, దాంట్లోని తాళంచెవి చేతికిచ్చింది.

"ఎడమపక్క పొయ్యి గ్యాసు వదులుతాది. ముందు కిటికీ తీయమని చెప్పు."

రామలక్ష్మమ్మ నాలుగడుగులు వేసి ఆగింది. "పొద్దున పిలుస్తాలే."

"వద్దక్కా. లేస్తే లేస్తా. లేకపోతే లేదు."

లోపలికెళ్ళి ఫోనులో ఐదింటికి అలారం పెట్టుకుంది. అది మోగుతుంది, సందేహం లేదు. మోగితే తను లేస్తుందో లేదో మాత్రం వసంతమ్మకే తెలియలేదు. చాప పరుచుకుంది.

బయట అరుగు మీద, గొలుసుకు తిరిగి పెట్టుకోవడం మరిచిన పిన్నీసు నోరు తెరుచుకునే ఉంది.