మొద్దు అనే మాడ్యూలు

పెద్దాయన పెర్ల్ అనే కంప్యూటర్ భాషలో రాసిన పార్సిల్ బుకింగ్ ప్రాజెక్టు నిండా చుట్టాలే. ప్రోగ్రాములో ఒక్కో పనికీ ఒక్కో మాడ్యూలు; తప్పులు వెతికేదాని పేరు అత్తగారు. పాత రికార్డులన్నీ దాచుకునేది బామ్మ. మెమరీ అంతా మింగేసి పని దగ్గర తాపీగా కూర్చునేవాడు అల్లుడు. "అత్తగారు ఒప్పుకోలేదు" అంటే అడ్రసులో ఇంటి నంబరు లేదని ఆఫీసంతటికీ అర్థమైపోయేది.

పెద్దాయన గుండెపోటుతో పోయాడు. ఆయన పక్క కుర్చీలో అదే ప్రాజెక్టు మీద పనిచేసిన భార్య మిగిలింది. ఆమె మీదికి కొత్త టీమ్ లీడు వచ్చాడు.

"మేడమ్, ఇవేం పేర్లండీ? బయటివాళ్లు చూస్తే నవ్విపోతారు. ఏ మాడ్యూలు ఏం చేస్తుందో పేరులోనే తెలియాలి. ఫోల్డర్లూ విడగొట్టేయండి. సాయంత్రానికల్లా అయిపోవాలి."

పోనీ, అతను చెప్పింది తప్పా అంటే కాదు. అదే ఆమె ఖర్మ! అత్తగారు 'అడ్రస్ చెక్' అయింది. బామ్మ 'ఆర్కైవ్' అయింది. ఒక్కో పేరూ మారుస్తుంటే మనిషిని మళ్లీ సాగనంపుతున్నట్టే ఉంది.

చివరికి మొద్దు మిగిలింది. ఇంట్లో ఆయన ఆమెను పిలిచే పిలుపది. ఆ ఫైల్లో మాడ్యూలు పేరూ, చివర ఒకటి అంకే తప్ప ఇంకేం లేదు. ఆ ఒకటి లేకపోతే పెర్ల్ ఏ మాడ్యూల్నీ లోపలికి రానివ్వదు మరి. అయినా ప్రతి ఫైలు మొదట్లోనూ దాన్నే పిలిచే లైను పెట్టేవాడు మహానుభావుడు.

"ఏ పనీ చెయ్యనిదాన్ని ఎందుకు పిలవడం?" అని అప్పట్లో దెబ్బలాడింది.

"ఓసి మొద్దూ, అది పలికితే నాకు ధైర్యమే" అన్నాడాయన.

"ఇదొక్కటీ ఉండనివ్వండి బాబూ" అని ఇప్పుడు లీడుని అడిగింది.

"దానికి పనేం లేదు కదండీ, ఏమని పేరు పెడతాం? తీసేయండి."

ఒక్కో ఫైల్లోంచీ ఆ పిలుపు తీసేసింది. మొద్దుని తుడిచేసింది. టెస్టులు నడిపింది. ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి ఆగాలి, అప్పుడు లీడుని పిలిచి చూపించాలి. దేవుడా, తప్పుందని చూపే ఒక్క ఎర్ర లైను! కళ్లార్పకుండా చూసింది.

అన్నీ పాసయ్యాయి.

"చూశారా మేడమ్" అన్నాడు లీడు సంతోషంగా, "అది లేకపోయినా ఏమీ కాలేదు."