ఫారంలో లేని ప్రశ్న

దోసె తిరగేస్తుంటే వెనకనుంచి మా ఆయన సురేష్‌కుమార్ అన్నాడు: "వళ్ళీ, మన తెలుగోళ్ళ పెళ్ళిసంబంధాలు కుదిర్చే కంప్యూటర్ ప్రోగ్రాం శుక్రవారమే మొదలుపెట్టేయి."

మొదలుపెట్టేయాలట! తమిళనాట ఉన్న మా కోవిల్‌పట్టిలో కంప్యూటర్ సెంటర్ ఆయనది, ఆలోచన ఆయనది, రాయాల్సింది మాత్రం నేను. పెళ్ళికి ముందు ఇదే ఊళ్ళో జీతానికి కంప్యూటర్ పాఠాలు చెప్పినదాన్ని. ఇప్పుడు వంటయ్యాక సెంటర్ పనంతా ఊరికే చేస్తున్నాను. "ఇంటి పనేగా" అంటుంది అత్తగారు.

"ముందు ఎవరికి కావాలో నాలుగిళ్ళలో అడిగి చూస్తాను" అన్నాను.

"అడిగేకి ఏముండాది? మన జనం నాకు తెలీదా?"

అయినా ఆదివారం పెళ్ళి వివరాలు రాసుకునేందుకు ఆయన తయారు చేసిన ఫారాలు పట్టుకుని నాగలాపురం బస్సెక్కాను. అక్కడుండే మా పెద్దమ్మ పెరియనాయగి ఫారం చదివించుకుని పకపకా నవ్వింది. "ఇంటిపేరు ఏడమ్మే? ఒకే ఇంటిపేరోళ్ళు అన్నాచెల్లెళ్ళు గదా, వాళ్ళకే ముడిపెడతాడా నీ మొగుడు?"

నాకు తల కొట్టేసినట్టయింది. బడి కాగితాల్లో మాకు ఇంటిపేరు ఉండదు, తండ్రి పేరులో మొదటక్షరమే. ఇంటిపేర్లన్నీ ఆడవాళ్ళ నోళ్ళలోనే ఉన్నాయి. ఒక్క ఆడమనిషిని అడిగి ఉంటేనా ఈయన!

నేను కొత్త గడి గీస్తుంటే పక్కింటి జోతి, మిల్లులో పనిచేసే పిల్ల, దగ్గరకు జరిగింది. "అక్కా, పెళ్ళైనాక పని మాననని రాసుకో. నన్నెవురూ అడగల్యా."

దానికీ పక్కనే ఓ గడి గీసి, ఆ తర్వాత పదకొండిళ్ళలో ఆ ప్రశ్న నేనే అడిగాను. ఎప్పుడడుగుతారా అని కాచుకున్నట్టే చెప్పారు అమ్మాయిలు. తిరుగు బస్సులో నాకు కుదురు లేదు. సీటు దొరికినా నిలబడే వచ్చాను.

ఇంటిపేరు గడి చూసి ఆయన "నేననుకున్నదే" అన్నాడు. పక్కనున్న పని గడిని మాత్రం పెన్నుతో కొట్టేశాడు. "మనకు దుడ్లిచ్చేది మగపిల్లోడి అమ్మ. పనికి పోతానంటే ఆ పిల్లను ఎవుడు కట్టుకుంటాడు?"

"ఆ గడి లేకుంటే నేను ప్రోగ్రాం రాయను."

"పిచ్చి పట్టెనా నీకు?"

"పెళ్ళిచూపులనాడు నన్ను అడిగుంటే నేనూ అదే చెప్పేదాన్ని. మీరు నన్ను కట్టుకునేవాళ్ళే కాదు" అన్నాను.

అన్నాక ఏడుపొస్తుందనుకున్నాను. రాలేదు. అలాగే జరిగుంటే ఎంత బాగుండేదో అనిపించింది.