బోను పక్కన చెప్పులు

కురుమూర్తి బోను తుడుస్తున్నాడు. ముందు తడిగుడ్డతో, తర్వాత పొడిగుడ్డతో. గద్వాలలోని ఆ లా కాలేజీకి టేకు కర్రతో చేయించిన ఆ బోనంటే మహా ముచ్చట. అసలు కోర్టులో కూడా ఇంత మెరిసేది ఉండదని డైరెక్టరు వనజ మేడం వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేది. గుమ్మం మీద 'రాజ్యాంగ హక్కుల అధ్యయన కేంద్రం' అని ఇత్తడి అక్షరాలు. వాటిని చింతపండుతో తోమడమూ అతని పనే. ఆ రోజు ఎడమ చెయ్యి పైకి లేవలేదు. కుడి చేత్తోనే తోమితే సగం అక్షరాలు నల్లగానే మిగిలిపోయాయి.

రాత్రి నుంచి ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుంది. దవడ లాగుతోంది. పొద్దున భార్య జోగులమ్మ ఇక ఊరుకోలేదు. తాను ముందు పోయి సర్కారు దవాఖానలో చీటీ రాయించి వరుసలో నిలబడతానని, పొద్దు తిరగకముందే వచ్చి తీరాలని ఒట్టు వేయించుకుంది. పొద్దు తిరిగితే డాక్టరు లేచిపోతాడు. అందుకే అందరికంటే ముందొచ్చి కుర్చీలన్నీ వేసి పెట్టాడు.

పేరుకు అతను అటెండరు. కానీ పిల్లలు వాదన నేర్చుకోవడానికి పెట్టే ఉత్తుత్తి కోర్టులో ఎప్పుడూ అతనే బాధితుడు. ముఖం అట్లాంటిది మరి! లోపలికి పోయిన బుగ్గలు, మగ్గం మీద వంగి వంగి గూనిదేరిన వీపు, ఎవరినో బతిమాలుతున్నట్టుండే కళ్ళు. మేకప్ ఖర్చు తప్పిందని మేడం నవ్వేది. ఒకసారి భూమి పోయిన రైతు, ఇంకోసారి లాకప్పులో దెబ్బలు తిన్నవాడు. అన్ని కేసులూ గెలిచాడు మనవాడు. ఇంట్లో ఆ సంగతి కాస్త గొప్పగానే చెప్పుకునేవాడు. గెలిచిన ప్రతిసారీ కుర్చీలు మడిచి ఇంటికి పోయేవాడు.

బోను ఎక్కే ముందు చెప్పులు విడవడం కూడా అతనికి ఎవరూ నేర్పలేదు. కూర్చుని కాళ్ళతో చెక్కలు తొక్కే మగ్గం గుంతలోకి చెప్పులతో దిగడం వాళ్ళ ఇళ్ళల్లో లేదు. జరీ అంచు చీరలు నేసినన్నాళ్ళ అలవాటది. మగ్గం అమ్ముకున్నాక కూడా కాళ్ళు మరిచిపోలేదు, చుట్టూ కర్రలున్న ఇరుకు చోటు కనబడితే చాలు, చెప్పులు వాటంతటవే జారిపోయేవి. పేదవాడు న్యాయస్థానం ముందు ఎట్లా ముడుచుకుపోతాడో చూడండని మేడం ఒక క్లాసంతా దానిమీదే చెప్పింది. కురుమూర్తి టీ కప్పులు పట్టుకుని తలుపు దగ్గర నిలబడి విన్నాడు. అది భయం కాదని చెప్పాలనిపించింది. కప్పులు అందించి వచ్చేశాడు.

ఆ రోజు వాదన పోటీకి హైదరాబాదు అతిథుల కార్లు వచ్చే వేళకు మేడం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"మేడం, పానం బాగలేదు. ఛాతిల నొస్తుంది. జర దవాఖానకు పోయొస్త. మా ఇంటామె లైన్ల నిలవడ్డది."

"ఇవాళే రావాలా నీ నొప్పి? ఈ ఒక్క కేసు కానీ కురుమూర్తీ. నేనే కారులో పంపిస్తా."

కసరలేదు, తియ్యగానే చెప్పింది. కసిరినా బాగుండేది, రోషమొచ్చి పోయేవాడేమో! కోర్టు మర్యాద పేరుతో అందరి ఫోన్లూ బయట బల్లమీద పెట్టించారు. చప్పుడు తీసేసిన అతని ఫోను అక్కడే వెలుగుతూ ఆరుతూ ఉంది.

ఆ రోజు అతను అయిజ దగ్గర పత్తి మిల్లులో చెయ్యి నలిగిన కూలీ. అతని తరఫున వాదించే అమ్మాయి ప్రణీత. చెప్పాల్సిన మాటలు బాగానే నేర్పింది. కానీ బోనులో నిలబడి కర్ర పట్టుకునేసరికి మాటలన్నీ ఎగిరిపోయాయి. మగ్గం చెక్కలు తొక్కుతున్నట్టు పాదాలు ఊరికే ఆడుతున్నాయి. చొక్కా చెమటతో తడిసి వీపుకు అంటుకుంది.

"సారూ, నాకు ఛాతిల నొస్తుంది. దవాఖానకు పోతనంటె పోనిస్తలేరు. మా ఇంటామె పొద్దుగాల్నుంచి లైన్ల నిలవడ్డది."

ప్రణీత ఒక్క క్షణమే తడబడింది. చురుకైన పిల్ల, కాకా తనకు కొత్త అంశం అందించాడనుకుంది. చెయ్యి సంగతి వదిలేసి బతికే హక్కు అందుకుంది. వైద్యం అందని చోట ఆ హక్కుకు అర్థమేమిటని నిలదీసింది. ముందు వరుసలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. తీర్పు చెప్పడానికి వచ్చిన రిటైర్డు జడ్జిగారు సుత్తితో బల్లమీద కొట్టాడు.

"ఈ మనిషిని ఈ క్షణమే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఇది కోర్టు ఆదేశం."

చప్పట్లు చాలాసేపు మోగాయి. బోను దాటుతూ ప్రణీత "ఇరగదీసినవ్ కాకా" అంది. భోజనాలు పైఅంతస్తులో అని ఎవరో కేకేశారు. గది ఖాళీ అయింది.

కురుమూర్తి కదల్లేదు. ఇన్నేళ్ళుగా అక్కడి తీర్పులేవీ నిజం కావని అతనికి తెలుసు. అయినా ఇవాళ చెప్పింది నిజం కదా, దానికిచ్చిన తీర్పు మాత్రం ఉత్తదెట్లా అవుతుంది? అంత పెద్దమనిషి అందరి ముందూ చెప్పాడాయె. తీసుకుపోవడానికి వస్తారు. తను ఎటైనా పోతే వెతుక్కుంటారు. నిలబడలేక బోనులోనే కూర్చుని కర్రకు తల ఆనించాడు. పాదాలు మెల్లగా ఇంకాసేపు ఆడాయి.

దవాఖానలో డాక్టరు లేచిపోయాక కూడా జోగులమ్మ చీటీ పట్టుకుని, ఒట్టు తప్పిన మొగుణ్ణి తిట్టుకుంటూ గేటు దగ్గరే నిలబడింది.

కుర్చీలు ఇంకా మడవలేదేమని కోప్పడడానికి మేడం కిందికి దిగింది. అప్పుడు చూసింది, బోనులో చల్లబడి ఉన్న మనిషిని. కారు నిజంగానే పంపింది, ఇంటికి.

ఉత్తమ వాదన బహుమతి ప్రణీతకే వచ్చింది. మరుసటి నెల కొత్త అటెండరు వెంకటన్న గది ఊడుస్తూ, బోను పక్కనున్న చెప్పులు ఎవరివి, పారేయాలా అని అడిగాడు. మేడం ఉండనిమ్మంది, బోను ఫొటోలో బాగుంటాయంది.

వెంకటన్న వాటి చుట్టూ తుడిచాడు. ఎడమ చెప్పుకు పట్టీ తెగిన చోట పసుపుపచ్చ పట్టుదారం గట్టిగా ముడివేసి ఉంది.