పదకొండు సెకన్ల తేడా

వీసా ఆఫీసు ఎదురు వరసలో నాలుగో కొట్టు నాది. ఫారాలు నింపిపెడతాను. అందరూ ఫారాల అక్క అంటారు. పరాయివాళ్ళ కాపురాల్లోకి తొంగిచూడకూడదంటారు గానీ, నాకు తిండి పెట్టేదే ఆ పని. పైగా పుట్టుకతోనే నాకు ఆరా ఎక్కువ. ఆ మాట మా అమ్మే అనేది, అదీ తిట్టుగా.

ఆ రోజు పొద్దున షట్టరు ఎత్తేసరికి ఒకతను మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. భుజాన కెమెరా సంచి, చేతిలో ఉత్తరం. భార్య రెండేళ్ళ క్రితం విదేశం వెళ్ళిందట. అక్కడ ఆసుపత్రుల్లో పురిటి పిల్లలకు ఫోటోలు తీసే ఉద్యోగం. మొగుణ్ణి తన దగ్గరికి పిలిపించుకోవడానికి దరఖాస్తు పెట్టింది. దానికి జవాబుగా వచ్చింది ఆ ఉత్తరం.

చదివాను. పెళ్ళయి ఆరేళ్ళయిందంటున్నారు, ఇద్దరూ కలిసి ఉన్న ఫోటో ఒక్కటీ జతపరచలేదు, ఇది నిజమైన పెళ్ళేనని ఆధారాలు పంపండి అని ఉంది. గడువు ఇంకా నాలుగు రోజులు. అది దాటితే దరఖాస్తు కొట్టేస్తారు. మళ్ళీ మొదటినుంచి మొదలెడితే మరో మూడేళ్ళు ఆమె అక్కడ, ఇతను ఇక్కడ.

"ఏం పని చేస్తావబ్బాయ్?"

"పెళ్ళిళ్ళకి ఫోటోలు తీస్తానక్కా. తనదీ అదే పని."

నాకు నవ్వాగలేదు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టుంది వీళ్ళ సంగతి. "ఊరందరి పెళ్ళిళ్ళూ తీశారు, మీవి తీసుకోలేదా?"

"ఎందుకు తీసుకోలేదూ, వేలున్నాయి. నన్ను తను తీస్తుంది, తనని నేను తీస్తా. ఉన్నది ఒకటే కెమెరా."

"పక్కనున్నవాళ్ళెవరినైనా తీయమనొచ్చుగా?"

"మా కెమెరా ఇంకొకరి చేతికివ్వమక్కా." ఇందులో అడగడానికేముందన్నట్టు చూశాడు.

"పోనీ, సెల్ఫీ?"

బూతు విన్నవాడిలా ముఖం పెట్టాడు. "ముక్కులు సొరకాయల్లా వస్తాయి."

కాసేపు తటపటాయించి సంచిలోంచి ఒక ఫోటో తీసి బల్ల మీద పెట్టాడు. పార్కులో బెంచీ, దాని మీద ఇద్దరూ పక్కపక్కనే నవ్వుతూ. ఎంత చక్కగా ఉందో! మరి కలిసి తీయించుకున్నది ఒక్కటీ లేనట్టు మాట్లాడినవాడికి ఇదెక్కణ్ణుంచి వచ్చింది?

"ఎవరు తీశారిది?"

గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాడు. "రెండు ఫోటోలు కలిపాను. దేవుడు కూడా కనిపెట్టలేడక్కా."

"కొంప ముంచుతావా! ఇది బయటపడితే మూడేళ్ళు కాదు, జన్మలో ఆ దేశం గడప తొక్కనివ్వరు!" ఆ ఫోటోను అతని ముందే నాలుగు ముక్కలు చేశాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి పాపం. నాకూ మనసు చివుక్కుమంది గానీ పైకి కనబడనివ్వలేదు.

"ఏ రెండు కలిపావో అవి చూపించు."

కంప్యూటర్లో తెరిచాడు. బెంచీ మీద ఆమె, చేతిలో ఒకసారి కొరికిన ఆపిల్. అదే బెంచీ మీద ఇతను, చేతిలో రెండుసార్లు కొరికిన ఆపిల్. నా బుర్రలో పురుగు తొలిచింది. కళ్ళజోడు సవరించుకుని కింద ఉన్న అంకెలు చూశాను. వరస నంబర్లు. కెమెరా గడియారం ప్రకారం రెంటికీ మధ్య పదకొండు సెకన్లు.

"పదకొండు సెకన్లలో ఏం చేశారు?"

"తను లేచింది, కెమెరా ఇచ్చాను, ఆపిల్ తీసుకున్నాను, కూర్చున్నాను."

"ఇంకోటి తియ్!"

బస్టాపులో ఆమె, బస్టాపులో ఇతను, తొమ్మిది సెకన్లు. ఇద్దరి వెనకాలా ఆవలిస్తున్న అదే ముసలాయన. పెళ్ళి రిజిస్టరులో సంతకం పెడుతూ ఆమె, తర్వాత అదే పెన్నుతో ఇతను. కలిసున్న నాలుగేళ్ళూ ఇంతే.

"చేతిలో వెన్న పెట్టుకుని నెయ్యి కోసం ఊరంతా తిరిగావు కదరా నాయనా!" అన్నాను.

మూడు రోజులు కూర్చున్నాం. ఎడమ పక్క ఆమె, కుడి పక్క ఇతను, కింద సమయం. నలభై పేజీలయ్యాయి. మధ్యలో ఒక జత దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. సముద్రపు ఒడ్డు. ఇతని ఫోటోకీ ఆమె ఫోటోకీ నలభై నిమిషాల తేడా. ఆమె కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"ఇక్కడేం జరిగింది?"

"అది తీసెయ్యక్కా. చిన్న పోట్లాట."

"దొంగ పెళ్ళివాళ్ళు పోట్లాడుకున్న ఫోటో పెట్టరబ్బాయ్. ఇదే మొదటి పేజీ." గడువు రోజున కట్ట పంపించాం.

నెల తిరిగాక ఇంటర్వ్యూకి పిలిచారు. అతను బయటికి వచ్చేదాకా నేను బేరాలు మానుకుని గుమ్మంలోనే నిలబడ్డాను. వచ్చినవాడి ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"అంతా పోయిందక్కా. ఆఫీసరమ్మ మొదటి పేజీ తీసి, ఈ నలభై నిమిషాలు ఏం జరిగిందంది. లెన్సు మూత పోయింది, మా ఆవిడే పారేసిందన్నాను. వెంటనే స్పీకరు పెట్టి తనకి ఫోన్ చేసి అదే ప్రశ్న అడిగింది."

"ఏమంది?"

"మా ఆయనే పారేశాడంది! నేనూరుకోలేదు. తనూ ఊరుకోలేదు. అయిదు నిమిషాలు అరుచుకున్నాం. ఆఫీసరమ్మ మధ్యలో రెండుసార్లు 'ఏమండీ' అంది, ఎవరం విన్లేదు. జవాబులు కలవలేదక్కా."

నా సలహా వల్లే అతని కాపురం కూలిందేమోనని తొమ్మిది రోజులు నాకు అన్నం సయించలేదు. పదో రోజున వీసా వచ్చింది. కొట్లోకి పరుగెత్తుకొచ్చి నా కాళ్ళ మీద పడితే, లేవరా ముందు, ఫారాలు నలుగుతాయని కసిరాను. కసిరి, లోపలికెళ్ళి ముఖం కడుక్కుని వచ్చాను.

అతను వెళ్ళిన ఎనిమిది నెలలకు ఒక కవరు వచ్చింది. లోపల ఒక్కటే ఫోటో. వంకరగా ఉంది. ఆమె నుదురు తెగిపోయింది, ఇతని భుజం సగమే పడింది, మూలన ఎవరిదో వేలు. ఇద్దరూ కెమెరా వైపు చేతులు చాచి నోరు తెరిచి ఏదో అరుస్తున్నారు. వెనక రాసి ఉంది: "దారినపోయే ఆయనకి కెమెరా ఇచ్చామక్కా. ఇచ్చేటప్పుడు ఇద్దరి చేతులూ వణికాయి."

దాన్ని నా బల్ల అద్దం కింద పెట్టుకున్నాను. వచ్చినవాళ్ళెవరైనా 'ఇదేం ఫోటో అక్కా, తలకాయ తెగిపోయింది' అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఇద్దరూ ఉన్నారు కదా, కళ్ళు కనబడటం లేదా అంటాను.