వదిలేసిన రెండు వాక్యాలు

నాకు మైకు దొరికితే కోతికి కొబ్బరికాయ దొరికినట్టేనని మా స్టాఫ్ రూమ్‌లో అంటారు. ముఖం మీద అనరు, నేను చాక్‌పీసుల కోసం బయటికి వెళ్లినప్పుడు అంటారు. నేను కాదనను. సాంఘికశాస్త్రం చెప్పే టీచర్ని. ఇరవై రెండేళ్లుగా ఈ ప్రభుత్వ హైస్కూల్లో ఏ సభ జరిగినా వ్యాఖ్యానం నాదే. జనం నవ్వుతుంటే నాకు ఒళ్లు తెలీదు. ఆ జబ్బు ఎంతదాకా వచ్చిందో ఇప్పుడు చెబుతాను.

స్కూలుకి డెబ్భై అయిదేళ్లు నిండుతున్నాయని, దాని చరిత్ర రాసి సభలో చదివే పని హెడ్మిస్ట్రెస్ నా నెత్తిన పెట్టింది. "మీరైతే మధ్యలో నాలుగు నవ్వులు కూడా కలుపుతారు" అంది. అంతే, ఉబ్బిపోయాను. నెల రోజులు పాత రిజిస్టర్ల దుమ్ము మింగాను. రేకుల షెడ్డులో మూడు గదులతో మొదలైన బడి ఇది. మొదటి బ్యాచ్‌లో ఇరవై ఒక్కమంది, వాళ్లలో చివరి పరీక్ష గట్టెక్కినవాళ్లు నలుగురు. చాలాకాలం స్కూలంతటికీ ఒకటే మైక్రోస్కోపు, అది బీరువాలో ఉండేది, ఆ బీరువా తాళంచెవి ఆరేళ్లపాటు కనబడలేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆటస్థలంలో సగం పోయింది. అప్పట్నుంచి మా పిల్లలు వంద మీటర్ల పందెంలో గోడ దాకా వెళ్లి వెనక్కి తిరిగొస్తారు. ఇవన్నీ శ్రద్ధగా రాసుకున్నాను. కానీ సభని పడీపడీ నవ్వించడానికి ఇవి చాలవనిపించింది.

అప్పుడు బీరువా అడుగున ఒప్పుకోలు పుస్తకం దొరికింది.

ఒకప్పుడు ఇక్కడ ఇరవై ఏళ్లు హెడ్మాస్టరుగా చేసినాయనకి బెత్తమంటే గిట్టేది కాదట. తప్పు చేసిన పిల్లల్ని తన గదిలోకి పిలిచి, ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టి, ఈ పుస్తకం ముందు పెట్టి, ఏం చేశారో వాళ్ల చేత్తోనే రాయమనేవారు. రాసింది చదివి, పుస్తకం మూసి, క్లాసుకి పొమ్మనేవారు. శిక్ష అంతే. దీనికన్నా నాలుగు దెబ్బలు తినడమే నయమని పిల్లలు ఏడ్చేవాళ్లట. మొదటి పేజీలో ఆయన రాసిన వాక్యం ఒకటి ఉంది: "ఇందులో రాసినది రాసినవారికి, నాకు మధ్యనే ఉండును."

ఆ వాక్యం నేను చదివాను. చదవలేదని బొంకను. ఆయన పోయి ఎంతో కాలమైంది, రాసిన పిల్లలు ఇప్పుడు ముసలివాళ్లయి ఎక్కడెక్కడున్నారో, పైగా నేను పేర్లు చదవనుగా, ఇంకేం అనుకున్నాను. మనిషికి చెయ్యాలనుంటే సాకులకేం కొదవ.

పుస్తకంలో ఒకడు సైన్సు మాస్టారి గొడుగులో కప్పని పెట్టానని రాశాడు. ఇంకొకడు బడి గంటని అరగంట ముందే కొట్టేసి స్కూలు మొత్తాన్ని ఇంటికి పంపించేశాడు. అన్నిటికన్నా నాకు నచ్చింది ఏడో తరగతి అమ్మాయి ఒకతె గుండ్రటి అక్షరాలతో రాసింది. అది చదివి నేనొక్కదాన్నే గదిలో కూర్చుని కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వాను. సభకి ముగింపు ఇదే అని అక్కడికక్కడే నిర్ణయించుకున్నాను.

సభ ఆదివారం పొద్దున. టెంటు కింద ముందు వరసలో సోఫాలు, వాటిల్లో పాత విద్యార్థులు. టెంటు ఖర్చంతా భరించిన ఇనుప సామాన్ల కొట్టాయన మధ్య సోఫాలో. పక్కగా కింద పరిచిన పట్టాల మీద మా పిల్లలు. అటెండరమ్మ ట్రేలో నీళ్ల గ్లాసులు పెట్టుకుని వరసల మధ్య తిరుగుతోంది. ఆవిడా ఈ స్కూల్లోనే చదివింది, ముప్ఫై ఏళ్లుగా ఇక్కడే పనిచేస్తోంది. ఆవిడ మనవరాలు పదో తరగతి, నా క్లాసే. కన్నతల్లి పోయినప్పట్నుంచి ఆ పిల్ల అమ్మమ్మ దగ్గరే ఉంటోంది.

కప్పకి జనం నవ్వారు. గంట కథకి చప్పట్లు కొట్టారు. అప్పుడు నేను గొంతు చిన్నపిల్లలా పెట్టి అందుకున్నాను.

"మా నాన్న ఓడ కెప్టెన్ అని క్లాసులో చెప్పాను. ఆ ఓడకి మూడంతస్తులు ఉన్నాయని, పై అంతస్తులో ఆవులు ఉన్నాయని, అందుకని పాలకి ఇబ్బంది లేదని చెప్పాను. తుపాను వస్తే మా నాన్న విజిల్ వేస్తాడని, అలలు ఆగిపోతాయని చెప్పాను. నమ్మినవాళ్లకి ఓడ టిక్కెట్లు రాసిచ్చాను. టిక్కెట్టుకి ఒక పెన్సిలు. మొత్తం పదకొండు పెన్సిళ్లు వచ్చాయి. మూడు అరిగిపోయాయి. ఎనిమిది తిరిగి ఇచ్చేస్తాను."

టెంటు ఎగిరిపోతుందేమో అన్నంత నవ్వు. ఆవుల దగ్గర రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. అటెండరమ్మ మనవరాలు పక్కనున్న పిల్ల మీద వాలిపోయి నవ్వుతోంది.

కింద ఇంకో రెండు వాక్యాలున్నాయి. "మా నాన్న ఓడలో లేడు. ఎక్కడున్నాడో మా అమ్మకి కూడా తెలీదు." అవి నేను చదవలేదు. మరిచిపోయి కాదు. ముందు రోజే పెన్సిలుతో గీత పెట్టుకున్నాను, ఇక్కడ ఆపాలి, లేకపోతే నవ్వు చచ్చిపోతుంది అని.

అంతలో ఇనుప కొట్టాయన సోఫాలోంచి లేచి తొడ చరిచాడు. "ఒరేయ్, ఇది మన కెప్టెనే రా! నా దగ్గరా పెన్సిలు తీసుకుంది! అదుగో, ట్రే పట్టుకుని నిలబడిందే!"

అందరి తలలూ ఒక్కసారి తిరిగాయి. "కెప్టెన్! కెప్టెన్!" అని సోఫాల్లో ఒకరిద్దరు అరిచారు. పట్టాల మీద పిల్లలు అందుకున్నారు. వాళ్ల మధ్య ఆ మనవరాలి నవ్వు మాత్రం సగంలో ఆగిపోయింది. అటెండరమ్మ ట్రేని బల్ల మీద పెట్టి, గ్లాసులు ఒలకకుండా సర్ది, టెంటు వెనక్కి వెళ్లిపోయింది.

తల కొట్టేసినట్టయింది నాకు. సభ అయ్యాక పుస్తకం మళ్లీ తెరిచాను. ఆ గుండ్రటి అక్షరాల కింద పేరు కూడా ఉంది, పూర్తి పేరు, స్పష్టంగా. నేను ఆ పేరు ముందే చూశాను. చూసి కూడా ఎవరిదో తట్టలేదు. ఎలా తడుతుంది? ఇరవై రెండేళ్లుగా ఆవిడ చేతి టీ తాగుతున్నాను, ఆవిడ పేరేమిటని ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు.

సోమవారం ఆవిడ ఎప్పట్లాగే ఏడున్నరకి గేటు తీసింది. నేను ముందే వెళ్లి నిలబడ్డాను. నాకన్నా పదమూడేళ్లు పెద్ద మనిషి, రోజూ నువ్వు అనే పిలిచేదాన్ని. ఆ రోజు మీరు అందామంటే నోరు తిరగలేదు, నువ్వు అనడానికి ముఖం చెల్లలేదు.

"తప్పయిపోయింది అటెండరమ్మా. ఇవాళ ప్రేయర్‌లో అందరి ముందూ చెబుతాను, తప్పు నాదేనని" అన్నాను.

"వద్దు మేడం" అంది ఆవిడ తాళం గొలుసుకి తగిలిస్తూ. "మళ్లీ మైకు పట్టుకోకండి. మీకు పుణ్యముంటుంది."

నేను కదలకపోయేసరికి మళ్లీ తనే అంది. "నా సంగతి వదిలెయ్యండి. పిల్ల నిన్న అట్నుంచి అటే వాళ్ల పిన్ని ఇంటికి పోయింది. ఇంటికి రానంటోందట, బడికీ రానంటోందట. శనివారం లోపల పరీక్ష ఫారం మీద సంతకం పెట్టాలి. లేకపోతే ఏడాది పోద్ది. నేను వెళ్తే తలుపు వెనక్కి పోతోంది. నాకేం చెయ్యాలో తెలీట్లేదు."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని నేను పిల్లలకి వందసార్లు చెప్పుంటాను. తొక్కింది నేను. మంగళవారం, బుధవారం ధైర్యం చాల్లేదు. ఇవాళ వస్తుందిలే, రేపు వస్తుందిలే అని హాజరు పట్టీలో ఆ పిల్ల గడి ఖాళీగా వదిలేస్తూ కూర్చున్నాను. వరండాలో ఎనిమిదో తరగతి కుర్రాళ్లు ఆవిడ వెనక విజిల్ వేస్తే వాళ్ల మీద విరుచుకుపడ్డాను. అలా అరిచే హక్కు నాకెక్కడిదని ఆ తర్వాత సిగ్గేసింది. గురువారం సాయంత్రం, ఇక తప్పదని, ఆ పిన్ని ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను.

రెండు సందుల అవతల, ఒక గదిలో కుట్టు మిషను, ఇంకో గదిలో కాపురం. పిన్ని మిషను ఆపి స్టూలు లాగింది. "నాలుగు రోజుల్నుంచి ఇదే వరసండి. అమ్మమ్మ పేరెత్తితే లేచి లోపలికి పోతుంది. మీరైనా చెప్పండి."

పిల్ల నేల మీద కూర్చుని, కుట్టిన చొక్కాలకి వేలాడే దారాలు కత్తిరిస్తోంది. తలెత్తలేదు. నేను దారి పొడుగునా తయారుచేసుకున్న ఉపన్యాసం మొదలుపెట్టాను. చిన్నతనంలో అందరూ అబద్ధాలు చెబుతారని, తండ్రి దగ్గర లేని పిల్ల ఏదో గొప్ప చెప్పుకుంటే అది నేరం కాదని, అమ్మమ్మ మీద కోపం పెట్టుకోవద్దని.

"నాకు అమ్మమ్మ మీద కోపమని ఎవరన్నారు?" అంది.

"మరి?"

కత్తెర కింద పెట్టింది. "మీరు ఆవుల గురించి చదివారే, అప్పుడు నేను ఎంత నవ్వానో తెలుసా మేడం? పక్కదాని మీద పడి నవ్వాను. నవ్వీ నవ్వీ గొంతు ఎండిపోయి, నీళ్లు తెమ్మని అమ్మమ్మకి చెయ్యి ఊపాను. తను తెచ్చి ఇచ్చింది కూడా. నేను తాగి మళ్లీ నవ్వాను." పెదవి కొరుక్కుంది. "ఏ ముఖం పెట్టుకుని ఇంటికెళ్లమంటారు?"

నేను నాలుగు రోజులుగా నా సిగ్గే పెద్దదనుకుంటున్నాను. పదిహేనేళ్ల పిల్ల నా సిగ్గు కూడా తనే మోస్తూ ఈ మూల కూర్చుంది.

"నీకు తెలీదుగా అమ్మా. తప్పు నాది" అన్నాను.

"మీది మీది. నాది నాది" అంది.

అప్పుడిక దాచాలనిపించలేదు. "అందులో ఇంకో రెండు వాక్యాలున్నాయి. నేను చదవలేదు. చదివుంటే ఎవరూ నవ్వేవాళ్లు కాదు, నువ్వూ నవ్వేదానివి కాదు. నవ్వు పోతుందనే వదిలేశాను."

ఆ పిల్ల నన్ను చూసిన చూపు ఉంది చూశారూ, ఆ హెడ్మాస్టరు దగ్గర పిల్లలు బెత్తమే నయమని ఎందుకు ఏడ్చేవాళ్లో అప్పుడు అర్థమైంది.

"ఏముంది వాటిల్లో?" అంది.

నోట్లో నువ్వుగింజ నానని మనిషిని నేను. మాట నాలుక చివరిదాకా వచ్చింది. "అది మీ అమ్మమ్మ చెబితే వినాలి, నేను చెప్పకూడదు. ఆ రోజు చదివినవీ చదవకుండా ఉండాల్సింది" అన్నాను.

పిల్ల ఒళ్లో దారం ముక్కలు దులుపుకుని చెప్పులు వేసుకుంది.

మేం వెళ్లేసరికి స్కూలంతా ఖాళీ. ఆఫీసు గదిలో అటెండరమ్మ ఒక్కతే ఉంది, పరీక్ష ఫారాలకి ఫోటోలు అంటిస్తోంది. మనవరాలి ఫారం విడిగా, బల్ల చివర, పెన్ను బరువు పెట్టి ఉంది. మమ్మల్ని చూసి లేచింది, మళ్లీ కూర్చుంది.

పిల్ల గుమ్మం దాటలేదు. "అమ్మమ్మా, ఆ రోజు నేను నవ్వాను. అందరికన్నా ఎక్కువ నవ్వాను" అంది. అని ఏడ్చేసింది.

ఆవిడ వేళ్లకంటిన జిగురు కొంగుకి తుడుచుకుంది. "ఓసి పిచ్చిదానా, దీనికా? నవ్వొస్తే నవ్వరా ఏంటే? నాకే ఆగలేదు. ఆవులంట, పాలంట! మేడం అంత బాగా చదివితే ఎవరాగుతారు? నేనూ నవ్వాను."

"నువ్వూ నవ్వావా?" అంది పిల్ల, నమ్మాలని ఉండీ నమ్మలేక.

"నవ్వకేం. నవ్వాపుకోలేకే టెంటు వెనక్కి పోయా. కావాలంటే మేడంని అడుగు. పైన నిలబడి చూశారు కదా." అని నా వైపు తిరిగింది. "చూశారు కదా మేడం?"

వేదిక మీంచి ఆవిడ ముఖం నాకు కనిపించినంత బాగా ఇంకెవరికీ కనిపించి ఉండదు. సగం నిండిన గ్లాసులు ఒక్కొక్కటే సర్దుతున్నప్పుడు ఆ ముఖం ఎలా ఉందో నాకు తెలుసు.

"చూశాను. చాలా నవ్వింది మీ అమ్మమ్మ" అన్నాను.

పిల్ల ముక్కు తుడుచుకుని లోపలికి వచ్చింది. అమ్మమ్మ పక్కన వంగి, ఆవిడ వేలు పెట్టి చూపించిన చోట సంతకం చేసింది. సిరా అలుక్కుపోకుండా ఆవిడ కాగితం మీద మెల్లగా ఊదింది. నేనింకా గుమ్మంలోనే నిలబడి ఉన్నాను, ఆవిడ నన్ను కూడా ఏదో ఒక మాట అంటుందని, అది తిట్టయినా సరేనని.

"పొద్దుపోయింది, ఇక మీరు ఇంటికెళ్లండి మేడం" అంది, ఫారం మీంచి తలెత్తకుండానే.