విమానాల గుణం దిండుకే తెలుసు

నేను ఒక దిండును. తల కింద పెట్టుకునే దిండును కాను, ఆ యోగం నాకు లేదు. కూర్చునే దిండును. కడుపులో బూరుగు దూది, ఒంటి మీద ఆకుపచ్చ గళ్ళ లుంగీ గుడ్డ. నన్ను చూసి ఎవరూ లేచి నిలబడరు, చూడకుండానే కూర్చుంటారు. అయినా సరే, చిన్న విమానాల గుణగణాల గురించి ఈ గోదావరి జిల్లాల్లో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదని గట్టిగా చెప్పగలను. పైలట్లు విమానాన్ని కళ్ళతో చూస్తారు, చెవులతో వింటారు. నేను విమానానికీ మనిషికీ మధ్య నలిగినదాన్ని. ఇద్దరి సంగతీ నాకు తెలుసు.

నన్ను కుట్టించింది చయనులుగారని ఒక హెడ్ గుమాస్తా. ఆయనకు మొలల బాధ, ఆఫీసులోనేమో చెక్క కుర్చీ. పరుపులు కుట్టే మస్తాన్ నన్ను దట్టంగా కూరి, "ఇహ తమరు సింహాసనం మీద కూర్చున్నట్టే బాబూ" అని ఇచ్చాడు. రెండేళ్ళు చయనులుగారు నా మీద కూర్చుని ఫైళ్ళు చూశారో, ఫైళ్ళు ముందు పెట్టుకుని కునికారో నేను చెప్పకూడదు. ఆపరేషన్ అయ్యి బాధ తీరిపోగానే నన్ను చూస్తే ఆయనకు పాత నొప్పి గుర్తొచ్చేది. మనుషులంతే. బాధలో ఆదుకున్నవాళ్ళను బాధ తీరాక ఎదురుగా చూడలేరు. పక్కింటి పిల్ల విమానం నడపడం నేర్చుకుంటోందని, పొట్టిదవడంవల్ల అద్దంలోంచి ముందు ఏమీ కనబడటం లేదని విని, "తీసుకుపోమ్మా, శుభ్రంగా ఉతికించాను" అని నన్ను వదిలించుకున్నారు.

ఆ పిల్ల పేరు సామ్రాజ్యం. ఎత్తు ఐదడుగులకు కాస్త తక్కువ, పట్టుదల మాత్రం మనిషిని మించి ఉండేది. ఊరవతల పాత ఎయిర్‌స్ట్రిప్పులో ఒక ఫ్లయింగ్ క్లబ్బు ఉండేది. అక్కడే నేర్చుకుని, అక్కడే పదిమందికి నేర్పే స్థాయికి వచ్చింది. ఇరవయ్యేళ్ళపాటు ఆవిడ ఏ విమానం ఎక్కినా చంకలో నేను ఉండాల్సిందే.

మొదట చెప్పాల్సింది ముసలమ్మ గురించి. క్లబ్బులో అందరూ దాన్ని అలాగే పిలిచేవారు. గుడ్డ తొడిగిన రెక్కలు, తోక కింద బుల్లి చక్రం. నేల మీద ఉన్నంతసేపూ ముక్కు ఆకాశంలో పెట్టుకుని, ఎటు పోతోందో నడిపేవాళ్ళకు కూడా కనబడనిచ్చేది కాదు. దిగాక పెడళ్ళ మీద నడిపేవాళ్ళ కాళ్ళు ఒక్క క్షణం బద్ధకిస్తే గిర్రున తిరిగి వచ్చిన దారికేసి మొహం పెట్టేది. మహా పెంకిది! కానీ గాలిలోకి వెళ్ళాక అంత నిజాయితీ నేనెక్కడా చూడలేదు. వేగం తగ్గితే ముందు సణిగేది, తర్వాత ఒళ్ళంతా వణికేది, అప్పటికీ వినకపోతేనే పడేది. "పడతాను, పడిపోతున్నాను, తర్వాత నన్ననకండి" అని పదిసార్లు చెప్పి పడే రకం.

రెండోది చుట్టం. నెత్తి మీద రెక్కలున్న రెండు సీట్ల శిక్షణ విమానం. ఎంత ఓర్పో దానికి! నేర్చుకునే కుర్రాళ్ళు నేలకేసి దబ్బున కొట్టినా కుయ్యిమనేది కాదు. దాని జబ్బల్లా ఒకటే, దిగబోయి దిగదు. నేలకు జానెడెత్తున తేలుతూ, తేలుతూ, రన్‌వే సగం దాటేదాకా పోయేది. గుమ్మంలో చెప్పులేసుకుని "ఇక వెళ్ళొస్తాం" అంటూ ఇంకో అరగంట కబుర్లు చెప్పే చుట్టాలుంటారే, అచ్చం అలాగే.

ఇక మిడత. ఒక డాక్టరుగారు విడిభాగాలు తెప్పించి తన షెడ్డులో తానే బిగించుకున్నాడు దాన్ని. తిరగాలని మనసులో అనుకునేలోపే తిరిగిపోయేది. ఒకసారి అందులో సామ్రాజ్యం తుమ్మింది. బాబోయ్, నా దూదంతా ఒక మూలకు చేరింది.

అలా హాయిగా రోజులు గడుస్తుండగా, క్లబ్బు మూసేస్తున్నారన్న కబురు వచ్చింది. నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. చుట్టాన్ని ఎవరో కొనుక్కుపోయారు. ముసలమ్మను కొనేవాళ్ళు లేక షెడ్డు మూల పడేశారు. దసరా దాటితే క్లబ్బు గేటుకు తాళమే. నలభై దాటిన సామ్రాజ్యాన్ని ఇంకెవరు పిలుస్తారు? ఎగరకపోతే ఆవిడ బతకలేదని నాకు తెలుసు. సెలవు రోజున ఇంట్లో వంట చేస్తూ కూడా పొద్దస్తమానం కిటికీలోంచి మబ్బుల్నే చూసే మనిషి.

ఒకే ఒక్క ఆశ మిగిలింది. భీమవరంలో రొయ్యల చెరువులున్న వెంకటపతిరాజుగారు సొంతానికి నాలుగు సీట్ల పాత విమానం ఒకటి కొని, ఆ ఎయిర్‌స్ట్రిప్పులోనే పెట్టారు. దానికి పైలటు కావాలి. సామ్రాజ్యం గురించి విని వచ్చారు. అంతా నచ్చింది, నేను తప్ప.

"మేడంగారూ, మీ గురించి అందరూ గొప్పగా చెప్పారండి. కానీ ఆ లుంగీ దిండేంటండీ బాబూ? అవి క్రీం కలర్ తోలు సీట్లండి! రేపు మా వియ్యంకుడు ఎక్కాడనుకోండి, పైలటుకి ముందేం ఉందో కనబడదేమోనని హడలిపోడూ?" అన్నారు. "దసరా రోజు పూజయ్యాక నన్నెక్కించుకుని ఓ చుట్టు తిప్పండి. దిండు లేకుండా తిప్పారా, ఉద్యోగం మీదే."

"సరేనండి" అంది సామ్రాజ్యం. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇరవయ్యేళ్ళ సేవకు ఒక్క మాటైనా అడ్డు చెప్పలేదు చూడండి! తర్వాత ఇంటికెళ్ళి ఆవిడ అన్నం తినకుండా పడుకుంది. అది చూశాక నా కోపం నిలవలేదు.

రాజుగారి విమానానికి నేను పెట్టుకున్న పేరు దొర. చెయ్యి అలవాటు చేసుకోమని రాజుగారే చెప్పారు కనుక, ఆయన లేనప్పుడు మేమిద్దరం రెండు మూడుసార్లు దాన్ని తిప్పి చూశాం. రెక్కలు కింద, నడక హుందా, కుదుపు తక్కువ. కానీ దాని మనసులో ఏముందో పైకి తేలదు. వేగం తగ్గితే ముసలమ్మలా గోల చెయ్యదు. పెళ్ళిలో మర్యాద తక్కువైందని ఎవరికీ చెప్పకుండా భోజనం మానేసి వెళ్ళిపోయే పెద్దమనిషిలాగా చప్పుడు లేకుండా కిందికి జారిపోతుంది. జారే ముందు సీటు కింద చీమ పాకినట్టు సన్నని జలదరింపు ఒకటి వస్తుంది. అదే దాని గుర్తు, అది తెలిసేది నాకే.

దసరా వచ్చింది. పొద్దున్నే సామ్రాజ్యం విమానం చుట్టూ తిరిగి తోక నుంచి ముక్కు దాకా పరీక్ష చేసుకుంది. తర్వాత పూజ మొదలైంది. ప్రొపెల్లరుకు బంతిపూల దండ, చక్రాల కింద నిమ్మకాయలు. రాజుగారి అత్తగారు సుభద్రాయమ్మగారు పసుపూ కుంకుమా పళ్ళెం పట్టుకుని దొర ఒంటినిండా బొట్లు పెడుతున్నారు. విమానం పక్క మీద రూపాయంత గుండ్రటి ఇనప బిళ్ళ, దానికి చిన్న చిన్న చిల్లులు ఉంటాయి. ఎత్తు చూపే ముల్లూ వేగం చూపే ముల్లూ ఆ చిల్లుల్లోంచి వచ్చే గాలిని బట్టే పని చేస్తాయి. ఆవిడకేం తెలుసు?

"ఇదిగో, బొట్టు పెట్టుకోడానికని వాళ్ళే చోటిచ్చారు, ఎంత ముచ్చటగా ఉందో!" అని దాని మీద పసుపు ముద్ద దట్టంగా మెత్తి, నడుమ కుంకుమ అద్దారు. ఒక పక్కే పెడితే బాగుండదని అటువైపు వెళ్ళి రెండో బిళ్ళకు కూడా పెట్టారు.

అప్పుడు సామ్రాజ్యం ముందు వైపు నిలబడి ప్రొపెల్లరు దండ విప్పుతోంది. "దుర్ముహూర్తం వచ్చేస్తోందండి, ఎక్కండెక్కండి!" అని రాజుగారు తొందరపెట్టారు. ఆవిడ మళ్ళీ చుట్టూ తిరగలేదు. నన్ను మూతి తెరిచిన సంచీలో పెట్టి వెనక సీట్లో, కొబ్బరి చిప్పల పక్కన పడేసింది. దొర హుందాగా పైకి లేచింది.

తాటిచెట్లు కిందికి వెళ్ళిపోయాయి. కాలువలు దారాల్లా కనబడుతున్నాయి. ఎత్తు చూపే ముల్లు మాత్రం మేమింకా నేల మీదే ఉన్నామంటోంది. పైకి వెళ్తున్నకొద్దీ వేగం ముల్లు కిందికి జారుతోంది.

"మేడంగారూ, ఈ ముల్లు పడుకుందేంటండీ?"

సామ్రాజ్యం అద్దం మీద వేలితో కొట్టి చూసింది. కాసేపు ఆలోచించి అడిగింది. "రాజుగారూ, మీ అత్తగారు బొట్లు ఎక్కడెక్కడ పెట్టారండీ?"

"ఒంటినిండా పెట్టిందండి."

"పక్కన గుండ్రటి బిళ్ళ మీద?"

"ఆయ్, అక్కడ బాగా దట్టంగా పెట్టిందండి. అటూ ఇటూ."

చిల్లులు ఇలా పసుపుతో మూసుకుపోతే, లోపలి గాలితో ముళ్ళు నడిచేలా తిప్పుకోవడానికి కొన్ని విమానాల్లో వేరే మీట ఉంటుంది. ఈ పాత దొరకు లేదు. సంగతి తెలిసేసరికి రాజుగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. దిగే చోటేమో చిన్నది. వేగం ఎక్కువైతే చివర కాలువలోకి పోతాం. తక్కువైతే దొర మాటా పలుకూ లేకుండా కిందికి వదిలేస్తుంది. ఏ ముల్లు ఎప్పుడు నిజం చెబుతుందో తెలియదు.

సామ్రాజ్యం ఒకసారి దిగబోయింది. మెత్తని తోలు సీటు ఆవిడకు ఏమీ చెప్పలేదు. విమానం ముక్కు రన్‌వేను మూసేసింది. ఆవిడ మెడ సాచింది, ఇంకా సాచింది, చివరికి దిగడం మానుకుని మళ్ళీ పైకి లేపింది. భయంతో నా దూది గడ్డకట్టింది.

"రాజుగారూ, వెనక సంచీలో దిండుంది. తియ్యండి."

"ఇప్పుడాండీ?"

"ఇప్పుడేనండి. నేను కాస్త లేస్తాను, కిందికి దూర్చండి. ఉద్యోగం సంగతి దిగాక చూసుకుందాం."

జన్మలో ఎవరికీ పీట వేసి ఎరగని రాజుగారు, కళ్ళు గట్టిగా మూసుకుని, "వెంకన్నబాబూ, వెంకన్నబాబూ" అంటూ నన్ను ఆవిడ కిందికి తోశారు. ఆవిడ కూర్చుంది. అమ్మయ్య! రన్‌వే కనబడింది.

"ముసలమ్మయితే వణికేది" అని ఆవిడ తనలో తనే అనుకోవడం వినబడింది. "చుట్టమైతే తేలిపోయేది. ఈ విమానమేం చేస్తుంది?" నేను ఒళ్ళంతా చెవి చేసుకుని దొర సీటుకు అతుక్కుపోయాను. తాటిచెట్ల మీదికి వచ్చాం. చీమ పాకింది! ఆవిడకు అందించాను. ఇంజను రవ్వంత పెంచింది. చీమ పోయింది. మళ్ళీ పాకింది, మళ్ళీ రవ్వంత పెంచింది. నేల దగ్గర పడింది. ఇంజను తగ్గించింది. చక్రాలు మెత్తగా తాకాయి. కాలువకు ఇంకా బోలెడు దూరం ఉండగానే ఆగాం.

సుభద్రాయమ్మగారు హారతి పళ్ళెంతో ఎదురొచ్చారు. "చూశావా అల్లుడూ, పూజ చేశాను కాబట్టే పువ్వులా దిగింది!"

రాజుగారు నోరు తెరిచారు. ఎదురుగా ఉన్నది అత్తగారు. నోరు మూసుకుని, "అవునండత్తయ్యగారూ" అన్నారు. తర్వాత సామ్రాజ్యం వైపు తిరిగి చేతులు జోడించారు. "ఉద్యోగం మీదేనండి. దిండు కూడా ఎక్కించుకోండి."

ఆ సంతోషం నాకు వారం కూడా నిలవలేదు. ఇంకా ఆ లుంగీ గుడ్డ రాజుగారిని బాధపెడుతూనే ఉన్నట్టుంది. మద్రాసులో చెప్పి క్రీం రంగు తోలు దిండు చేయించి తెచ్చారు. లోపల స్పాంజి. కాదనలేక సామ్రాజ్యం దాన్ని తీసుకెళ్ళింది. నేను బీరువాలో దుప్పట్ల మధ్య ఉండిపోయాను. ఏడుపొచ్చింది. దిండు ఏడిస్తే ఎవరికి తెలుస్తుంది?

సాయంత్రం ఆవిడ చిరాకుగా ఇంటికి వచ్చింది. "ఒక్క ముక్క వినబడదే దీంట్లో!" అని విసుక్కుంటూ బ్లేడు తీసి, ఆ ఖరీదైన తోలు దిండు కుట్లు విప్పేసింది. స్పాంజి లాగి అవతల పారేసింది. నన్ను బీరువాలోంచి తీసి, లుంగీ గుడ్డతో సహా అందులోకి కుక్కింది. నేను పట్టలేదు. ఇరవయ్యేళ్ళలో మొదటిసారి ఆవిడ నాతో మాట్లాడింది. "కాస్త సర్దుకో తల్లీ" అంది.

సర్దుకున్నాను. ఉక్కగా ఉంటుంది, తోలు వాసనొకటి. మొన్న రాజుగారు వాళ్ళ వియ్యంకుడిని తీసుకొచ్చి నన్ను చూపిస్తూ, "నేనే చెప్పి చేయించానండి. ఈ దిండు వచ్చాకే మా మేడంగారి చెయ్యి తిరిగింది" అన్నారు. ఆయన నన్ను నొక్కి చూసి, తోలు చాలా మంచిదని మెచ్చుకున్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. లోపల ఎవరున్నారో అరిచి చెబుదామనుకున్నాను. అంతలో సామ్రాజ్యం వచ్చి నా మీద కూర్చుంది. నా కోపమంతా పోయింది.